కొత్త అకౌంటింగ్ ప్రమాణాలకు కంపెనీలు ఎలా మారతాయి? మారిన రోజు ఖాతాల్లో ఏం జరుగుతుంది?

సంక్షిప్తంగా

కొత్త అకౌంటింగ్ ప్రమాణం వచ్చినంత మాత్రాన కంపెనీ దగ్గరున్న నగదు పెరగదు, తరగదు. లాభాన్ని ఏ ఏడాదిలో చూపాలి, దేన్ని అప్పుగా లెక్కించాలి అన్నవే మారతాయి. పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య వచ్చే తేడా చాలాసార్లు లాభనష్టాల ఖాతాను తాకకుండా నేరుగా రిజర్వుల్లోకి, అంటే గతంలో పోగైన నిల్వల్లోకి, పోతుంది. అందుకే మారిన ఏడాది ఫలితాలు చదివేవారు ప్రమాణం పేరుతో పాటు కంపెనీ ఎంచుకున్న మార్పిడి పద్ధతినీ చూడాలి.

అప్పు తీసుకోకుండానే అప్పు పెరిగిన ఏడాది

2019-20 ఆర్థిక సంవత్సరం ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది వాటాదారులకు ఒక సందేహం కలిగింది. బ్యాంకు నుంచి కొత్తగా రూపాయి కూడా తీసుకోని కంపెనీల బ్యాలెన్స్ షీట్లలో అప్పుల వైపు పెద్ద మొత్తాలు వచ్చి చేరాయి. అద్దె ఖర్చు బాగా తగ్గింది. తరుగుదల, వడ్డీ పెరిగాయి. వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందు లాభం, అంటే ఎబిటా, వ్యాపారం అంతే ఉన్నా ఎగబాకింది. కారణం భారత అకౌంటింగ్ ప్రమాణాలైన ఇండ్ ఏఎస్‌లలో 116వది, అంటే లీజుల ప్రమాణం. అది 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అంతకు ఏడాది ముందు రియల్ ఎస్టేట్ కంపెనీల్లో ఇలాంటిదే మరో రూపంలో జరిగింది. ఫ్లాట్లు అమ్ముడవుతున్నా ఆదాయం పడిపోయినట్టు కనిపించింది. అది ఆదాయ గుర్తింపుకు సంబంధించిన ఇండ్ ఏఎస్ 115 ఫలితం. హైదరాబాద్ కేంద్రంగా నడిచే లిస్టెడ్ కంపెనీల్లో మందుల తయారీ, ఆస్పత్రులు, మౌలిక వసతులు, నిర్మాణం, ఐటీ ప్రధానమైనవి. ఈ ప్రమాణాలు ఈ రంగాలన్నింటినీ ఏదో ఒక వైపు నుంచి తాకాయి. ముందుముందు మరికొన్ని తాకబోతున్నాయి. కాబట్టి ఈ మార్పు ఎలా జరుగుతుందో ఒకసారి వివరంగా చూడటం అవసరం.

ప్రమాణం ఎక్కడ పుడుతుంది

అంతర్జాతీయ ప్రమాణాలను, అంటే ఐఎఫ్ఆర్ఎస్‌ను, లండన్ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలి ఐఏఎస్‌బీ రూపొందిస్తుంది. భారత్ వాటిని యథాతథంగా తీసుకోలేదు. వాటికి దగ్గరగా ఉండేలా, కొన్ని చోట్ల మనకు తగిన సవరణలతో, సొంత ప్రమాణాలు రాసుకుంది. అవే ఇండ్ ఏఎస్. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ముసాయిదా తయారు చేస్తుంది. 2018 అక్టోబరులో ఏర్పడిన జాతీయ ఆర్థిక నివేదికల సంస్థ ఎన్ఎఫ్ఆర్ఏ దాన్ని పరిశీలించి సిఫారసు చేస్తుంది. కంపెనీల చట్టం 2013లోని 133వ సెక్షన్ కింద కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నోటిఫై చేశాకే దానికి చట్టబలం వస్తుంది.

సవరణలు చిన్నవే అయినా ఫలితాన్ని మార్చగలవి. ఒక కంపెనీని అప్పులు పోగా మిగిలే దాని ఆస్తుల విలువ కంటే తక్కువకు కొంటే వచ్చే లాభాన్ని ఐఎఫ్ఆర్ఎస్ ప్రకారం లాభనష్టాల ఖాతాలో చూపాలి. ఇండ్ ఏఎస్ 103 దాన్ని క్యాపిటల్ రిజర్వులోకి పంపుతుంది. లావాదేవీ ఒక్కటే, లాభం మాత్రం ఒక దేశపు ఖాతాల్లో కనిపిస్తుంది, మరో దేశపు ఖాతాల్లో కనిపించదు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో 2001 నుంచి లిస్టయి ఉన్న డాక్టర్ రెడ్డీస్ లాంటి హైదరాబాద్ కంపెనీ అక్కడి మదుపరుల కోసం ఐఎఫ్ఆర్ఎస్ ఖాతాలు, ఇక్కడి చట్టం కోసం ఇండ్ ఏఎస్ ఖాతాలు ఇస్తుంది. రెండూ ఆడిట్ అయినవే. రెండూ సరైనవే.

ఎవరికి, ఎప్పటి నుంచి

ఇండ్ ఏఎస్ నిబంధనలను 2015 ఫిబ్రవరి 16న నోటిఫై చేశారు. అందరికీ ఒకేసారి వర్తింపజేయలేదు. 500 కోట్ల రూపాయలు లేదా అంతకు మించిన నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు పోగా మిగిలేది) ఉన్న కంపెనీలు 2016 ఏప్రిల్ 1 నుంచి మారాయి. మిగతా లిస్టెడ్ కంపెనీలు, 250 కోట్లు దాటిన అన్‌లిస్టెడ్ కంపెనీలు 2017 ఏప్రిల్ 1 నుంచి మారాయి. బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు 2018, 2019 సంవత్సరాల్లో రెండు దశలు పెట్టారు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 2019 మార్చిలో అమలును నిరవధికంగా వాయిదా వేసింది.

జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో ఉన్న ఒక మధ్యతరహా తయారీ యూనిట్‌కు ఇవి వర్తించవని అనుకోవడం సహజం. సొంతంగా చూస్తే చాలావాటికి వర్తించవు కూడా. 2021లో కొత్తగా నోటిఫై చేసిన పాత తరహా అకౌంటింగ్ స్టాండర్డ్సే వాటికి చాలు. అయితే పరిధిలోకి వచ్చిన కంపెనీకి అనుబంధ సంస్థ, మాతృసంస్థ, అసోసియేట్ (గణనీయమైన వాటా ఉన్న సంస్థ), జాయింట్ వెంచర్ ఏదైనా సరే, దాని పరిమాణంతో పని లేకుండా ఇండ్ ఏఎస్‌లోకి రావాలి. పెద్ద మందుల కంపెనీ ఒక చిన్న ముడి ఔషధాల యూనిట్‌ను కొన్నదంటే, ఆ యూనిట్ అకౌంట్స్ విభాగంలో ఉన్న ఇద్దరు ముగ్గురిపై ఈ భారమంతా పడుతుంది. ఒకసారి లోపలికి వచ్చిన కంపెనీ నికర విలువ తర్వాత తగ్గినా వెనక్కి పోవడానికి వీల్లేదు. స్టాక్ ఎక్స్ఛేంజీల్లో చిన్న, మధ్యతరహా సంస్థల కోసం ఉన్న ఎస్ఎంఈ ప్లాట్‌ఫాంలో లిస్టయిన కంపెనీలకు మినహాయింపు ఉంది. అవి మెయిన్ బోర్డుకు వెళ్లాలనుకున్నప్పుడు మాత్రం ఈ మార్పు తప్పదు.

మార్పిడి తేదీ అంటే ఏమిటి

2016 ఏప్రిల్ 1 నుంచి మారిన కంపెనీకి అసలు మార్పిడి తేదీ 2015 ఏప్రిల్ 1. మొదటి ఏడాది ఫలితాలను పోల్చి చూడటానికి ముందటి ఏడాది అంకెలూ కొత్త పద్ధతిలోనే ఉండాలి. అవి ఉండాలంటే ఆ ముందటి ఏడాది మొదటి రోజు బ్యాలెన్స్ షీట్‌ను కొత్తగా తయారు చేయాలి. తొలిసారి మారేవారికి దారి చూపే ఇండ్ ఏఎస్ 101 చెప్పేది ఇదే. ఆ రోజున ప్రతి ఆస్తినీ, ప్రతి బాధ్యతనూ కొత్త ప్రమాణం దృష్టితో మళ్లీ కొలుస్తారు. పాత అంకెకూ కొత్త అంకెకూ మధ్య తేడా వస్తే దాన్ని ఆ ఏడాది లాభంలో కలపరు, నష్టంలో తీసేయరు. గత లాభాల నిల్వలో, అంటే రిటైన్డ్ ఎర్నింగ్స్‌లో, సర్దుతారు.

ఈ ఒక్క నియమం దగ్గరే అసలు విషయం ఉంది. రిజర్వుల్లోంచి నేరుగా పోయిన నష్టం ఏ త్రైమాసిక ఫలితాల్లోనూ కనిపించదు. ప్రతి షేరుపై ఆర్జనలో దాని జాడ ఉండదు. టీవీల్లో నడిచే స్క్రోలింగ్‌లో దాని ఊసే రాదు. అది కనిపించేది ఈక్విటీ (వాటాదారుల సొమ్ము) మార్పుల పట్టికలో ఒక వరుసగా, నోట్స్‌లో సర్దుబాటు పట్టికగా మాత్రమే. మారిన ఏడాది వార్షిక నివేదికలో అన్నింటికన్నా ఎక్కువ సమాచారం ఉండే పేజీ అదే. ఎక్కువమంది తెరవని పేజీ కూడా అదే.

పాత చరిత్ర మొత్తాన్ని తిరగరాయడం అసాధ్యం కాబట్టి ఇండ్ ఏఎస్ 101 కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. స్థిరాస్తుల విషయంలో ఇచ్చిన వెసులుబాటు హైదరాబాద్ కంపెనీలకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. బాలానగర్, సనత్‌నగర్ ప్రాంతాల్లో దశాబ్దాల కిందట కొన్న ఫ్యాక్టరీ భూమి ఖాతాల్లో అప్పటి ధరకే ఉంటుంది. మార్పిడి తేదీన కంపెనీ పాత పుస్తక విలువలనే కొనసాగించవచ్చు. లేదా ఎంచుకున్న ఆస్తులకు ఆ రోజు మార్కెట్ విలువ కట్టించి దాన్నే ఇకపై కొన్న ధరగా భావించవచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు కంపెనీలు, ఒకే విస్తీర్ణంలో భూమి ఉన్నవి, చెరో దారి ఎంచుకుంటే ఒకదాని నికర విలువ రాత్రికి రాత్రి పెరుగుతుంది, రెండోది అలాగే ఉంటుంది. విలువ పెంచుకున్న కంపెనీ ఈక్విటీపై రాబడి ఆ తర్వాత ఏళ్ల తరబడి తక్కువగా కనిపిస్తుంది. ఎందుకంటే భాగహారంలో కింద ఉన్న అంకె పెద్దదైంది. యంత్రాలకూ విలువ పెంచి ఉంటే తరుగుదల పెరిగి లాభం కూడా తగ్గుతుంది. భూమికి తరుగుదల లేదు కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. యాజమాన్యం సమర్థతలో తేడా లేకుండానే నిష్పత్తులు వేరవుతాయి.

లీజు: ఒక్క దుకాణం లెక్క

అమీర్‌పేటలో ఒక మందుల దుకాణం ఉందనుకుందాం. పదేళ్ల లీజు. ఏడాదికి 12 లక్షల అద్దె. సులువుగా ఉండటానికి అద్దె ఏటా చివర్లో కడతారని, మధ్యలో పెరగదని, వడ్డీ రేటు 10 శాతమని తీసుకుందాం. 2019 ఏప్రిల్ 1 నాటికి ఐదేళ్లు పూర్తయ్యాయి, ఐదేళ్లు మిగిలాయి.

పాత పద్ధతిలో ఏటా 12 లక్షలు అద్దె ఖర్చు. బ్యాలెన్స్ షీట్‌లో ఏమీ ఉండదు. ఇండ్ ఏఎస్ 116 ప్రకారం మిగిలిన ఐదేళ్ల అద్దెల ఈనాటి విలువ, అంటే 45.49 లక్షలు, అప్పుగా నమోదు చేయాలి. దానికి ఎదురుగా ఆ స్థలాన్ని వాడుకునే హక్కును ఆస్తిగా చూపాలి. ఇక అద్దె ఖర్చు ఉండదు. ఆస్తిపై తరుగుదల, అప్పుపై వడ్డీ ఉంటాయి.

ఆ ఆస్తి విలువ ఎంత? ఇక్కడ ప్రమాణం రెండు దారులు ఇచ్చింది. ఆస్తిని కూడా అప్పుకు సమానంగా, 45.49 లక్షలుగా తీసుకోవడం మొదటిది. అప్పుడు రిజర్వులపై ప్రభావం లేదు. ఏటా తరుగుదల 9.10 లక్షలు. మొదటి ఏడాది వడ్డీ 4.55 లక్షలు. మొత్తం ఖర్చు 13.65 లక్షలు, పాత అద్దె కంటే ఎక్కువ. చివరి ఏడాదికి వడ్డీ 1.09 లక్షలకు తగ్గి ఖర్చు 10.19 లక్షలవుతుంది.

లీజు మొదలైన రోజు నుంచే ఈ ప్రమాణం ఉన్నట్టు భావించి ఆస్తిని లెక్కించడం రెండో దారి. పదేళ్ల అద్దెల విలువ 73.73 లక్షలు. ఐదేళ్ల తరుగుదల పోగా 36.87 లక్షలు మిగులుతుంది. అప్పు 45.49 లక్షలే. మధ్యలో ఉన్న 8.62 లక్షలు రిజర్వుల్లోంచి ఒక్కరోజులో పోతాయి. అయితే ఇక నుంచి తరుగుదల ఏటా 7.37 లక్షలే. మొదటి ఏడాది మొత్తం ఖర్చు 11.92 లక్షలు. అంటే మొదటి దారి పట్టిన కంపెనీ కంటే ఇది ఏటా సుమారు 1.72 లక్షలు ఎక్కువ లాభం చూపిస్తుంది. ఐదేళ్లకు కలిపితే ఆ తేడా సరిగ్గా 8.62 లక్షలు. రిజర్వుల్లోంచి తీసిన మొత్తమే లాభంగా తిరిగి వచ్చింది.

భవన యజమానికి రెండు సందర్భాల్లోనూ వెళ్లేది ఏడాదికి అవే 12 లక్షలు. ఒక్క దుకాణంలో ఈ తేడా చిన్నదే. వందల దుకాణాలున్న గొలుసు సంస్థకు, అద్దె భవనాల్లో నడిచే ఆస్పత్రుల గ్రూపుకు, హైటెక్ సిటీలో లక్షల చదరపు అడుగులు లీజుకు తీసుకున్న ఐటీ కంపెనీకి ఇది లాభం దిశనే మార్చగలదు. రెండు దారులూ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఒక కంపెనీ లాభం మరో కంపెనీ కంటే వేగంగా పెరిగిందని రాసే ముందు ఎవరు ఏ దారి పట్టారో చూడకపోతే పోలికకు అర్థం లేదు.

పన్నెండు నెలల లోపు లీజులకు, తక్కువ విలువ వస్తువుల లీజులకు మినహాయింపు ఉంది. దీనివల్ల ఒప్పందాల తీరు కూడా మారే అవకాశం ఉంటుంది. లీజు కాలంలో పొడిగింపు హక్కును కలపాలా వద్దా అన్నది యాజమాన్యం అంచనాపై ఆధారపడుతుంది. ఇంటీరియర్లపై కోట్లు ఖర్చు పెట్టిన కార్యాలయాన్ని మూడేళ్లకే ఖాళీ చేస్తామంటే ఆడిటర్ ఒప్పుకోకపోవచ్చు.

ఫ్లాట్లు: ఒకే లాభం రెండుసార్లు

నిర్మాణ రంగంలో మార్పు ఇంకా లోతైనది. పాత పద్ధతిలో పని ఎంత శాతం పూర్తయితే ఆదాయాన్ని అంత శాతం చూపించేవారు. దానికి ఐసీఏఐ 2012 గైడెన్స్ నోట్‌లో కొన్ని షరతులు ఉండేవి. నిర్మాణ వ్యయంలో కనీసం 25 శాతం ఖర్చయి ఉండాలి, అమ్మకపు విస్తీర్ణంలో 25 శాతానికి ఒప్పందాలు జరిగి ఉండాలి, ఒప్పందం విలువలో కనీసం 10 శాతం చేతికి అంది ఉండాలి.

2018 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 వేరే ప్రశ్న అడుగుతుంది: ఫ్లాటుపై నియంత్రణ కొనుగోలుదారుకు ఎప్పుడు చేరింది? కట్టే కొద్దీ చేరుతోందని చెప్పాలంటే నిర్దిష్టమైన మూడు షరతుల్లో ఒకటైనా నెరవేరాలి. రియల్ ఎస్టేట్‌లో ఎక్కువగా చర్చకు వచ్చేది మూడోది. ఆ ఫ్లాటును కంపెనీ వేరొకరికి మళ్లించే వీలు ఉండకూడదు, అంతవరకు చేసిన పనికి డబ్బు రాబట్టుకునే చట్టబద్ధమైన హక్కు ఉండాలి. కొనుగోలుదారు మధ్యలో తప్పుకుంటే బిల్డర్‌కు దక్కేది కొంత కోత మాత్రమే అన్నట్టు ఒప్పందం రాసి ఉంటే ఈ షరతు నెరవేరినట్టు కాదు. అప్పుడు నిర్మాణం పూర్తయి స్వాధీనం ఇచ్చే దాకా ఆదాయం సున్నా. దేశంలో పలు లిస్టెడ్ కంపెనీలు ఇలా మారాయి. ఒప్పందాల్లోని షరతులు వేరుగా ఉన్నవి పాత తరహాలోనే దశలవారీగా చూపుతున్నాయి.

ఈ మార్పిడిలో ఒక విచిత్రం ఉంది. కోకాపేటలో 300 కోట్ల ప్రాజెక్టు, అందులో 60 కోట్ల లాభం అనుకుందాం. ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాయి. 2018 మార్చి నాటికి 60 శాతం పని అయింది. కాబట్టి 36 కోట్ల లాభం అప్పటికే ఫలితాల్లో ప్రకటించారు. ఏప్రిల్ 1న కొత్త ప్రమాణం వచ్చింది. ఆ 36 కోట్లు రిజర్వుల్లోంచి వెనక్కి తీశారు. 2020 మార్చిలోగా ఫ్లాట్లు స్వాధీనం చేశారు. అప్పుడు మొత్తం 60 కోట్లూ ఆ ఏడాది లాభంగా వచ్చింది. వరుసగా అన్ని సంవత్సరాల ప్రకటిత లాభాలు కూడితే 96 కోట్లు. ప్రాజెక్టు సంపాదించింది 60 కోట్లే. రిజర్వుల్లో జరిగిన కోతను లెక్కలోకి తీసుకుంటేనే రెండూ సరిపోతాయి. ఐదేళ్ల లాభాల సగటు చూసి షేరుకు విలువ కట్టే వారికి ఇది చాలా ముఖ్యమైన విషయం.

నగదు సంగతి వేరు. రియల్ ఎస్టేట్ నియంత్రణకు తెచ్చిన రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రాజెక్టు ప్రత్యేక ఖాతాలో ఉండాలి. అకౌంటింగ్ మారినా ఆ ఖాతాలో మార్పు లేదు. అయితే ఆదాయంగా చూపని ఆ సొమ్మంతా బ్యాలెన్స్ షీట్‌లో బాధ్యతగా పేరుకుంటుంది. దాన్ని బ్యాంకు అప్పుతో కలిపి చూస్తే కంపెనీ అప్పుల్లో కూరుకుపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది అమ్మకాలు బాగున్నాయనే సూచన కావచ్చు. ఇలాంటి కంపెనీల విషయంలో త్రైమాసిక లాభం కంటే కొత్త బుకింగులు, వసూళ్లు, అప్పగించాల్సిన విస్తీర్ణం చూడటం మేలు. భవనంలో చేరడానికి అనుమతి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ మార్చి 30న వస్తే ఒక ఏడాది లాభం, ఏప్రిల్ 2న వస్తే మరో ఏడాది లాభం అయ్యే పరిస్థితి ఇది.

రావాల్సిన బాకీలు

ఇండ్ ఏఎస్ 109 తెచ్చిన మార్పు సూత్రంలో తేలికైనది, ఆచరణలో కష్టమైనది. పాత రోజుల్లో బాకీ రాదని తేలాక నష్టం చూపేవారు. ఇప్పుడు రాకపోయే అవకాశాన్ని మొదటి రోజు నుంచే అంచనా వేసి ప్రొవిజన్ పెట్టాలి, అంటే ఆ మేరకు నష్టాన్ని ముందే ఖాతాల్లో చూపాలి. ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టు కంపెనీలు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: ప్రభుత్వ బిల్లు ఆలస్యమవుతుందేమో గాని ఎగవేత ఉండదు. ఈ ప్రమాణం కింద ఆ సమాధానం పూర్తిగా సరిపోదు. రెండేళ్లు ఆలస్యంగా వచ్చే వంద రూపాయల ఈనాటి విలువ వంద కాదు. ఆ తేడా కూడా నష్టం అంచనాలో భాగమే.

కంపెనీ లోపల జరిగే పని

బయటికి ఒక నోట్‌గా కనిపించే ఈ మార్పు వెనుక నెలల శ్రమ ఉంటుంది. మొదటి పని ఒప్పందాలన్నీ ఒకచోట చేర్చడం. చాలా కంపెనీల్లో లీజు పత్రాలు అడ్మిన్ దగ్గర కొన్ని, లీగల్ దగ్గర కొన్ని, బ్రాంచి మేనేజర్ బీరువాలో కొన్ని ఉంటాయి. కొనుగోలు ఆర్డర్ల లోపల లీజు దాగి ఉండవచ్చు. సిబ్బందిని దింపే బస్సుల కాంట్రాక్టు, ఫ్యాక్టరీలో పెట్టిన నత్రజని ప్లాంటు కాంట్రాక్టు లాంటివి చదివితే గాని అందులో లీజు ఉందో లేదో తెలియదు. తర్వాత వడ్డీ రేట్ల నిర్ణయం, సాఫ్ట్‌వేర్‌లో మార్పులు, సమాంతరంగా పాత, కొత్త లెక్కలు నడపడం, ఆడిటర్‌తో వాదోపవాదాలు, ఆడిట్ కమిటీ ఆమోదం వరుసగా వస్తాయి. సాఫ్ట్‌వేర్ సిద్ధం కాక ఎక్సెల్ షీట్లతో మొదటి ఏడాది గట్టెక్కించిన చోట పొరపాట్లు జరిగే ప్రమాదం ఎక్కువ.

హైదరాబాద్‌కు ఇందులో మరో పాత్ర కూడా ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లలోని గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లలో పనిచేసే ఫైనాన్స్ బృందాలు అమెరికా, ఐరోపా కంపెనీల ఖాతాలు చూస్తాయి. అమెరికా లీజు ప్రమాణం ఏఎస్‌సీ 842 మన దానికి దగ్గరగానే ఉంటుంది, ఒక్క ముఖ్యమైన తేడాతో. అక్కడ ఆపరేటింగ్ లీజుకు ఏటా సమాన ఖర్చే చూపిస్తారు. అదే లీజుకు ఇక్కడ మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ. భారత అనుబంధ సంస్థ ఖాతాలను అమెరికా మాతృసంస్థకు పంపే ముందు ఈ తేడాను సర్దే పని ఈ బృందాలదే. ఒక దేశపు నిబంధన మారితే ఇక్కడి యువ సీఏల పని గంటలు మారతాయి.

ప్రమాణం అమల్లోకి రాకముందే దాని ప్రభావం గురించి తెలిసినంత చెప్పాలని ఇండ్ ఏఎస్ 8 అడుగుతుంది. చాలా నివేదికల్లో ఈ చోట కనిపించేది ‘ప్రభావాన్ని మదింపు చేస్తున్నాం’ అనే ఒక్క వాక్యం. అమలుకు రెండు మూడు నెలల ముందు కూడా అదే వాక్యం ఉంటే వాటాదారుకు అందింది ఏమీ లేదు. అంకె ఖచ్చితంగా తేలకపోయినా ఏ వైపు కదులుతుందో, ఏ వ్యాపార విభాగాన్ని తాకుతుందో చెప్పగలిగే కంపెనీలు ఆ పని చేయాలి.

అప్పుల షరతులు, పన్ను, డివిడెండు

లెక్క మారితే నగదు మారదన్నది నిజమే గాని, లెక్కపై ఆధారపడిన ఒప్పందాలు నగదును కదిలించగలవు. బ్యాంకు రుణ పత్రాల్లో అప్పు, ఈక్విటీ నిష్పత్తి ఇంత దాటకూడదనే షరతు ఉంటుంది. లీజు బాధ్యత అప్పుగా చేరిన రోజున, వ్యాపారంలో ఏ మార్పూ లేకుండానే ఆ గీత దాటే ప్రమాదం ఉంది. ముందుచూపు ఉన్న కంపెనీలు రుణ ఒప్పందంలోనే పాత పద్ధతి ప్రకారమే నిష్పత్తులు లెక్కించాలనే నిబంధన రాయించుకుంటాయి. లేనివి బ్యాంకుతో మళ్లీ కూర్చోవాలి. ఎబిటాతో ముడిపడిన బోనస్‌లదీ అదే కథ. అద్దె ఖర్చు వడ్డీ, తరుగుదల కిందికి జారిపోయినందున లక్ష్యం సులువైపోతుంది. ఆ లక్ష్యాన్ని సవరించకపోతే పనితీరు మారకుండానే జీతం పెరుగుతుంది.

పన్ను విషయంలో కొంత రక్షణ ఉంది. ఆదాయపు పన్ను లెక్కకు ఐసీడీఎస్ అనే వేరే ప్రమాణాలు ఉన్నాయి. ఇండ్ ఏఎస్ అంకెలు నేరుగా పన్నును నిర్ణయించవు. పుస్తక లాభంపై, అంటే ఖాతాల్లో చూపిన లాభంపై, వేసే కనీస ప్రత్యామ్నాయ పన్నుకు మాత్రం ఆ రక్షణ లేదు. అందుకే 2017 ఫైనాన్స్ చట్టం తొలిసారి మార్పిడిలో రిజర్వుల్లోకి వెళ్లిన కొన్ని సర్దుబాట్లను ఐదేళ్ల పాటు సమానంగా పుస్తక లాభంలో కలపాలని చెప్పింది. డివిడెండు ఇవ్వడానికి చూసే లాభాల్లో చేతికి రాని విలువ పెరుగుదలలను కంపెనీల చట్టం మినహాయించింది.

ప్రమాణాలు చేయలేనిది

అకౌంటింగ్ గురించి హైదరాబాద్‌లో మాట్లాడుకుంటే సత్యం కంప్యూటర్స్ గుర్తుకు రాకమానదు. ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాయగా 2009 జనవరి 7న బయటికి వచ్చిన లేఖ ప్రకారం లేని నగదు, బ్యాంకు నిల్వలే 5,040 కోట్లు. లేని వడ్డీ బకాయి 376 కోట్లు, చూపని బాధ్యత 1,230 కోట్లు, పెంచి చూపిన రుణగ్రస్తుల బాకీలు 490 కోట్లు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. ఆ కంపెనీ న్యూయార్క్‌లోనూ లిస్టయి ఉంది, అంటే అంతర్జాతీయ స్థాయి నివేదికలు ఇస్తూ వచ్చింది. బ్యాంకులో డబ్బు ఉందా లేదా అన్న ప్రశ్నకు ఏ కొత్త ప్రమాణమూ అక్కర్లేదు. బ్యాంకు నుంచి నేరుగా ధ్రువీకరణ తీసుకునే ఆడిట్ చాలు. ఆ తర్వాత వచ్చిన కంపెనీల చట్టంలో ఎన్ఎఫ్ఆర్ఏకు చోటు దక్కడానికి ఉన్న నేపథ్యాల్లో ఈ కుంభకోణం ఒకటి. ప్రమాణాలు మెరుగుపడితే మోసాలు ఆగిపోతాయనే ఆశను, ప్రమాణాలు క్లిష్టమయ్యాయి కాబట్టి అంతా మాయే అనే అనుమానాన్ని రెండింటినీ విడిగా ఉంచి చూడాలి.

బీమా వంతు, ఆ తర్వాత లాభనష్టాల పట్టిక

తదుపరి పెద్ద మార్పు బీమా రంగంలో. దాని నిర్ణయాలు చాలావరకు నానక్‌రాంగూడలోని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం నుంచే రావాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎఫ్ఆర్ఎస్ 17 ఇప్పటికే 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దానికి సమానమైన ఇండ్ ఏఎస్ 117ను కేంద్రం 2024 ఆగస్టులో నోటిఫై చేసింది. సెప్టెంబరులో మళ్లీ సవరించి, ఐఆర్‌డీఏఐ ప్రకటించే వరకు బీమా కంపెనీలు మాతృసంస్థ ఖాతాల కోసం పాత ఇండ్ ఏఎస్ 104 ప్రకారమే వివరాలు ఇవ్వవచ్చని చెప్పింది. ఈ ప్రమాణం కింద వసూలైన ప్రీమియమే ఆదాయం కాదు. పాలసీపై ఆశించే లాభాన్ని బీమా రక్షణ ఇచ్చే కాలమంతటా పంచి చూపాలి. భవిష్యత్ చెల్లింపులను ఈనాటి విలువకు మార్చి కొలవాలి. ఇరవై ఏళ్ల కిందటి పాలసీల సమాచారం కంప్యూటర్లలో ఏ మేరకు ఉందన్నదానిపై మార్పిడి పద్ధతి ఆధారపడుతుంది. లీజులో ఒక్క దుకాణానికే రెండు దారులు ఇంత తేడా తెస్తే, కోట్ల పాలసీల మీద ఆ ఎంపిక ఎంత బరువైనదో ఊహించవచ్చు.

అన్ని రంగాలనూ తాకేది మరొకటి ఉంది. ఐఏఎస్‌బీ 2024 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఐఎఫ్ఆర్ఎస్ 18 అంతర్జాతీయంగా 2027 జనవరి 1 నుంచి మొదలయ్యే సంవత్సరాలకు వర్తిస్తుంది. ఇది లాభం మొత్తాన్ని మార్చదు, దాని అమరికను మారుస్తుంది. ఆదాయ వ్యయాలను ప్రధానంగా ఆపరేటింగ్, ఇన్వెస్టింగ్, ఫైనాన్సింగ్ విభాగాలుగా చూపాలి. ఆపరేటింగ్ లాభం అనే ఉపమొత్తం తప్పనిసరి. అసోసియేట్ కంపెనీ లాభంలో వాటా దాని బయటికి పోతుంది. ఇప్పటిదాకా ఒక్కో కంపెనీ తనకు నచ్చినట్టు ప్రెస్ నోట్‌లో వాడుకుంటున్న ‘సర్దుబాటు చేసిన లాభం’ లాంటి కొలమానాలను ఖాతాల నోట్స్‌లో ఒకచోట పెట్టి, ప్రమాణం ప్రకారం వచ్చే అంకెకూ దానికీ తేడా ఎందుకొచ్చిందో చూపాలి. ఆ నోట్ ఆడిట్ పరిధిలోకి వస్తుంది. ముందటి ఏడాది అంకెలనూ కొత్త అమరికలో తిరిగి ఇవ్వాలి కాబట్టి ఈసారి రిజర్వుల్లోకి జారిపోయే తేడా ఉండదు. పాత పట్టిక, కొత్త పట్టిక పక్కపక్కన పెట్టి ఏ ఖర్చు ఏ గడిలోకి వెళ్లిందో ఎవరైనా గుర్తించవచ్చు.